సాయంత్రానికి నొప్పి తిరిగొస్తే టెస్ట్ ఫెయిలైనట్టు కాదు

నడుము నొప్పికి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ (సూది లేకుండా ధ్వని తరంగాల వేడితో నరాన్ని కాల్చే చికిత్స) గురించి అడగడానికి వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పే మాట ఇది: "టెస్ట్ ఇంజెక్షన్ పనిచేయలేదండీ. పొద్దున వేశారు, సాయంత్రానికి నొప్పి మళ్లీ మొదలు. ఇంక నరం కాల్చి ఏం లాభం?"

పనిచేసిందండీ. ఫ్యాసెట్ కీలు (వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీలు) నుంచి నొప్పిని మోసే మీడియల్ బ్రాంచ్ నరం పక్కన వేసింది లిగ్నోకైన్ లేదా బుపివకైన్, అంటే కాసేపు మొద్దుబార్చే మందు. అది చికిత్స కాదు, ప్రశ్న. నరం మొద్దుబారినంతసేపూ నొప్పి పోయిందా, లేదా? అంతే. మందు ప్రభావం దిగాక నొప్పి రావాల్సిందే. ఈ ఒక్క పొరపాటుతో చికిత్స సరిగ్గా సరిపోయేవాళ్లు వెనక్కి వెళ్లిపోతున్నారు. టెస్టే లేకుండా చేయించుకున్నవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

టెస్ట్ రోజు నొప్పితోనే రండి. పొద్దుటి నొప్పి మాత్ర సంగతి ముందే డాక్టరునడగండి. ఇంజెక్షన్ అయ్యాక మంచమెక్కకండి. వెనక్కి వంగండి, నిలబడి వంట చేయండి, కూర్చుని లేవండి. అరగంటకోసారి నొప్పి పదికి ఎంతో రాయండి, ఆరు గంటలపాటు. ఎనిమిది కాస్తా ఒకటీ రెండుకి దిగితే అది జవాబు. "కాస్త నయం" జవాబు కాదు. వేరే రోజున రెండో టెస్ట్ కూడా చేస్తే నమ్మకం పెరుగుతుంది.

తప్పు మా డాక్టర్ల వైపూ జరుగుతుంది. ఒక్కో నరానికి అర మిల్లీలీటరు దాటితే మందు పక్కకు పాకి, వేరే చోటి నొప్పిని కూడా తగ్గించేస్తుంది. గట్టి మత్తిచ్చి చేసినా ఫలితం నమ్మలేం. నడుములో నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య ఉండే ఎల్4-ఎల్5 కీలుకు ఎల్3, ఎల్4 బ్రాంచీలు రెండూ వెళ్తాయి; ఒకదాన్నే మొద్దుబారిస్తే సగం జవాబే.

"ఎమ్మారైలో కీలు అరిగిందని ఉందిగా?" ఏ నొప్పీ లేనివాళ్ల ఎమ్మారైలోనూ ఉంటుంది. అందుకే టెస్ట్ కావాలి, అదీ గట్టిగా. 2017లో నెదర్లాండ్స్‌లో జరిగిన మింట్ అధ్యయనాల్లో వ్యాయామానికి రేడియోఫ్రీక్వెన్సీ (సూది గుచ్చి కరెంటు వేడితో నరాన్ని కాల్చే పద్ధతి) జోడించినా చెప్పుకోదగ్గ అదనపు లాభం రాలేదు. వాటిపై వచ్చిన పెద్ద విమర్శల్లో ఒకటి ఇదే: ఒకే టెస్ట్‌తో, సగం ఉపశమనానికే రోగుల్ని ఎంచుకున్నారని.

కాళ్లు పడిపోతాయా? భయం సహజమే, కానీ ఇది కాళ్లను కదిలించే నరం కాదు. రేడియోఫ్రీక్వెన్సీలో సూది ఉంటుంది కాబట్టి కాల్చేముందు 2 హెర్ట్జ్ కరెంటిచ్చి కాలు అదురుతుందేమో చూస్తాం. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌లో సూది లేదు, ఆ పరీక్షా లేదు. అందుకే తక్కువ శక్తితో మొదలుపెడతారు. కాల్లోకి మంట పాకితే ఆ క్షణమే చెప్పాలి, ఓర్చుకోవద్దు.

ఫిజియోథెరపీ అల్ట్రాసౌండ్‌కీ దీనికీ పేరులోనే పోలిక. ఇక్కడ తరంగాలన్నీ ఒక్కచోట కలుస్తాయి. ఎముక వాటిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆనుకున్న నరం ఆ వేడికి కాలుతుంది. జెల్‌లో గాలి బుడగ ఉన్నా, వీపు మీద వెంట్రుకలున్నా చర్మం కాలే ప్రమాదం ఉంది. షేవింగ్ అందుకే.

శాశ్వతమా? కాదు. నరం మళ్లీ పెరుగుతుంది. రేడియోఫ్రీక్వెన్సీ తర్వాత ఉపశమనం సాధారణంగా 6 నుంచి 12 నెలలు. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ మీద అధ్యయనాలు ఇంకా చిన్నవే, అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుందన్న ప్రకటనలు నమ్మకండి. పిక్కల్లోకి లాగే సయాటికాకు ఇది మందు కాదు.

పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపి రాకండి.