"మూడో నెలే కదా" అనకండి

స్కానింగ్‌లో కడుపులో బిడ్డ గుండె చప్పుడు లేదని, గర్భం పోయిందని డాక్టరుగా నేను చెప్పగానే చాలామంది నన్ను మొదట అడిగేది ఒకటే, "నేనేం తప్పు చేశాను మేడమ్?" ఆ వెంటనే లెక్కలు మొదలు. బకెట్ ఎత్తాను, స్కూటీ మీద వెళ్లాను, గ్రహణం రోజు బయటికొచ్చాను.

అపోహ: జాగ్రత్తగా లేకపోవడం వల్లే కడుపు పోయింది.
వాస్తవం: ఖాయమైన గర్భాల్లో 10 నుంచి 20 శాతం ఇలా పోతాయి, ఎక్కువగా మొదటి 12 వారాల్లోనే. వాటిలో సుమారు సగానికి కారణం పిండం క్రోమోజోముల్లో తేడా, అది చాలావరకు మీకు నెల తప్పకముందే జరిగిపోయి ఉంటుంది. అత్తగారితో గొడవపడి ఏడ్చినందుకు కడుపు పోదు. ఇక్కడ మా తప్పూ ఒకటుంది. రిపోర్టులో దీన్ని 'అబార్షన్' అని రాస్తాం, వైద్యభాషలో గర్భం దానంతటదే పోయినా అదే మాట. "నేను చేయించుకోలేదు కదా మేడమ్, అలా ఎందుకు రాశారు?" అని ఒకమ్మాయి ఆ కాగితం పట్టుకుని ఏడ్చింది. అప్పటినుంచి కాగితం చేతికిచ్చే ముందే ఆ మాటకు అర్థం చెబుతున్నాను.

అపోహ: ఇంకా బిడ్డ ఏర్పడనే లేదు, అంత బాధేముంది?
వాస్తవం: లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం పోయిన నెల తర్వాత 29 శాతం మంది మహిళల్లో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ లక్షణాలు కనిపించాయి. అంటే పీడకలలు, ఆ రోజే కళ్ల ముందు తిరగడం లాంటివి. తొమ్మిది నెలల తర్వాత, అంటే డెలివరీ డేట్ కూడా దాటిపోయాక, ఇంకా 18 శాతం మందిలో ఉన్నాయి. ఒకావిడ స్కాన్ ఫొటోను పర్సులో ఏటీఎం కార్డు వెనక దాచుకుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు.

అపోహ: మళ్లీ నెల తప్పితే అన్నీ మర్చిపోతుంది.
వాస్తవం: కొందరికి ఊరటే. చాలామందికి మాత్రం అసలు టెన్షన్ అప్పుడే, బాత్రూంకి వెళ్లిన ప్రతిసారీ రక్తం కనిపిస్తుందేమోనని చూసుకుంటారు.

అపోహ: మగవాళ్లకేం ఉండదు.
వాస్తవం: ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు.

అపోహ: ఆ మాట ఎత్తకపోతేనే మంచిది, శ్రీమంతాలకూ పిలవొద్దు.
వాస్తవం: పిలవండి, రావడం మానడం ఆమె ఇష్టానికి వదిలేయండి. చెప్పకుండా దాచడమే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఉద్యోగం చేసేవాళ్లకు ఒక మాట: ప్రసూతి ప్రయోజనాల నిబంధనలు (ముందు 1961 నాటి చట్టంలో, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నవి) వర్తించే చోట, గర్భస్రావం తర్వాత 6 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది.

ఫాలోఅప్‌కు వస్తే బ్లీడింగ్ ఆగిందా అని అడిగి పంపించేస్తుంటాం, నిద్ర పట్టడం లేదని మీరే చెప్పండి. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర లేకపోయినా, బతకడం ఎందుకనిపించినా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.