‘ఎ’, ‘యాన్’ ఎక్కడ రావు? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ వ్యాకరణం చెప్పేవాళ్లం దిద్దే దరఖాస్తుల్లో ‘యాన్ ఇన్ఫర్మేషన్’, ‘ఎ ఫర్నిచర్’ తరచుగా తగులుతుంటాయి. ‘ఎ’ (a), ‘యాన్’ (an) అంటే ‘ఒక’ అని. ఒకటి, రెండు అని లెక్కించి వాడే కౌంటబుల్ నామవాచకాల ముందు ఇవి వస్తాయి, అలా వాడని అన్‌కౌంటబుల్ పదాల ముందు మామూలుగా రావు. తప్పు చిన్నదే, వెనకున్న అపోహలే మొండివి.

అపోహ: లెక్కపెట్టగలిగే వస్తువైతే కౌంటబుల్, లేకపోతే అన్‌కౌంటబుల్.

వాస్తవం: డబ్బు లెక్కపెట్టనివారెవరు? అయినా ‘మనీ’ అన్‌కౌంటబుల్. నాలుగు కుర్చీలు, ఒక బల్ల కళ్లెదుటే ఉన్నా ‘ఫర్నిచర్’ ముందు ‘ఎ’ రాదు. కంటికి కనిపించని ‘ఐడియా’కు మాత్రం నిక్షేపంగా ‘యాన్’ వస్తుంది. చూడవలసింది వస్తువును కాదు, ఆ పదాన్ని ఇంగ్లిష్ వాడే తీరును. తెలుగులో ఒక సలహా, రెండు సలహాలు అంటాం కాబట్టి ‘యాన్ అడ్వైస్’ అలవోకగా వచ్చేస్తుంది. ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి, లేదా ‘సమ్ అడ్వైస్’తో సరిపెట్టుకోవాలి. ‘ఎ న్యూస్’ తప్పు, ‘ఎ న్యూస్ ఐటమ్’ ఒప్పు. ఆ ‘ఎ’ ఐటమ్‌ది, న్యూస్‌ది కాదు.

అపోహ: అన్‌కౌంటబుల్ పదం ముందు ‘ఎ’ ఎన్నడూ రాదు.

వాస్తవం: చిన్న తరగతులకు పనికొచ్చే సగం నిజం ఇది. ‘ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఇంగ్లిష్’ నిర్దోషం. అక్కడ చెబుతున్నది ఫలానా స్థాయి పరిజ్ఞానం గురించి. మనసుకు, బుద్ధికి సంబంధించిన పదాల్లో ఈ వాడుక ఎక్కువ: ‘ఎ డీప్ డిస్ట్రస్ట్’, ‘ఎ లవ్ ఆఫ్ మ్యూజిక్’. హోటల్లో ‘ఎ కాఫీ’ అంటే ఒక కప్పు కాఫీ. ఇంగ్లండు న్యాయపరిభాషలో ‘యాన్ ఇన్ఫర్మేషన్’ కూడా ఉంది. మేజిస్ట్రేటు ముందుంచే నేరారోపణ అని దాని అర్థం. ఉద్యోగ దరఖాస్తులో ఆ గొడవ మనకెందుకు!

అపోహ: అయితే ముందు ఒక విశేషణం తగిలిస్తే చాలు, ‘ఎ’ వాడొచ్చు.

వాస్తవం: మొదటి రెండిటికన్నా ఇదే ప్రమాదకరం. సగం తెలిసినవారు చేసే తప్పు కాబట్టి ధీమాగా చేస్తారు. ‘ఎ గుడ్ అడ్వైస్’, ‘ఎ గుడ్ ప్రోగ్రెస్’, ‘ఎ నైస్ వెదర్’ ఎంత ముచ్చటగా వినిపించినా తప్పులే. ఏ పదానికి ఆ వెసులుబాటు ఉందో తేల్చే సూత్రమేదీ లేదు, నిఘంటువే దిక్కు. అదీ విద్యార్థుల కోసం చేసిన నిఘంటువు అయితే మేలు. ఆక్స్‌ఫర్డ్ వారి దానిలో ‘నాలెడ్జ్’ పక్కన అన్‌కౌంటబుల్‌తో పాటు సింగ్యులర్ (ఏకవచనంగా ‘ఎ’తో వాడవచ్చు) అనీ ఉంటుంది. ‘అడ్వైస్’ పక్కన అన్‌కౌంటబుల్ ఒక్కటే.

అపోహ: ‘లిటిల్’ అన్నా ‘ఎ లిటిల్’ అన్నా ఒకటే.

వాస్తవం: ‘ఎ లిటిల్ వాటర్’ అంటే కాసిని నీళ్లున్నాయని. ‘ఎ’ తీసేశారా, దాదాపు లేనట్టే.