పిల్ల కలర్ తక్కువున్నది, ఏమన్న రాయిండ్రి మేడం: అపోహలు - వాస్తవాలు

"మేడం, పిల్ల కొంచెం కలర్ తక్కువున్నది. సంబంధాలు చూస్తున్నం. తెల్లగయ్యేటందుకు ఏదో ఇంజెక్షన్ ఉంటదంట గదా, రాయిండ్రి."

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే నల్లగొండలో ఏ చర్మవ్యాధుల డాక్టరుకైనా ఈ మాట వినక తప్పదు. అడిగేది తల్లి. పిల్ల పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ కవర్ అంచు గోకుతూ ఉంటుంది, తల ఎత్తదు. చూస్తే చర్మం నిక్షేపంగా ఉంటుంది. జబ్బు లేనిదానికి మందు అడగడం, నేను రాయకపోతే మెడికల్ షాపులో తెచ్చుకోవడం, తెచ్చుకున్న దానితో నిజంగానే జబ్బు పడటం. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటి కథ ఇదే. అందుకే ఓపీలో రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని, వాటి సంగతేమిటో రాస్తున్నాను.

అపోహ: నలుపంటే చర్మంలో ఏదో తక్కువైనట్టు.

తక్కువ కాదు, ఎక్కువ. మన రంగు మెలనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ ఇంచుమించు అన్నే ఉంటాయి. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి అన్నదే తేడా, అది అమ్మానాన్నల నుంచి వచ్చేది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడేది ఈ మెలనినే. నాట్లకూ పత్తి ఏరడానికీ పోయేవాళ్లున్న జిల్లాలో దీన్ని లోపమని ఎలా అనుకుంటామో నాకు అర్థం కాదు.

గర్భిణి కుంకుమపువ్వు పాలు తాగినంత మాత్రాన బిడ్డ రంగు మారదు. పుట్టినప్పుడు బిడ్డ తేటగా కనిపించి, కొన్ని నెలల్లో అసలు రంగుకు వస్తుంది. "మొదట్ల తెల్లగుండె, మీరే ఎండల తిప్పి నల్లగ చేసిండ్రు" అని కోడలి మీద పడే నింద ఇక్కడే పుడుతుంది. పసిబిడ్డను శనగపిండితో గట్టిగా రుద్దితే రంగు రాదు, పలుచని చర్మం పగులుతుంది.

ఆ ఇంజెక్షన్ సంగతి: దాని పేరు గ్లూటాథయోన్. చర్మం తెల్లబడటానికి దాన్ని వాడేందుకు మన దేశంలో అనుమతి లేదు. నేను ఇవ్వను.

అపోహ: ఆ క్రీమ్ నాకు పడింది. మానేస్తేనే ముఖం పాడవుతోంది.

అన్నింటికంటే ఎక్కువ సేపు చెప్పాల్సింది దీని గురించే.

1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. నా గొడవ అలాంటి కాస్మెటిక్ క్రీములతో కాదు. మందుల షాపులో చిన్న ట్యూబులో దొరికే, డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన స్టిరాయిడ్ క్రీములతో. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అది స్టిరాయిడ్. కొన్నింటిలో మొమెటాసోన్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపి ఉంటాయి. మంగు మచ్చలకు కొద్ది వారాలు, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు అది. దాన్ని ఏళ్లకేళ్లు పౌడర్ పూసినట్టు పూస్తున్నారు.

మొదటి రెండు వారాలు ముఖం మెరిసిపోతుంది. స్టిరాయిడ్ రక్తనాళాలను కుదిస్తుంది, వాపును అణచివేస్తుంది, మెలనిన్ తయారీని తగ్గిస్తుంది. అద్దంలో తేడా కనబడుతుంది, పక్కింటావిడ కూడా పేరడుగుతుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద సన్నని ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు పొక్కుతాయి, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. భయపడి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రగా ఉబ్బి, కారం పూసినట్టు మండుతుంది. మళ్లీ పూస్తే తగ్గుతుంది. దాంతో "ఈ క్రీమే నాకు పడింది" అని నమ్మకం కుదురుతుంది. మందు తెచ్చిన జబ్బును ఆ మందే కాసేపు కప్పిపెడుతోందని తెలియడానికి ఏళ్లు పడుతుంది.

దీనికి మా డాక్టర్లు పెట్టిన పేరు స్టిరాయిడ్‌కు అలవాటు పడ్డ ముఖం. అలవాటు చర్మానిదే కాదు. హ్యాండ్‌బ్యాగులో ట్యూబు లేకుండా గడప దాటలేని ఆడవాళ్లను చూస్తున్నాను. పుట్టింటికి పోతే రెండు ట్యూబులు, ఒకటి అయిపోతే ఇంకోటి ఉండాలని. ఇంట్లో చిన్న శుభకార్యం ఉన్నా ముందు రాత్రి మందంగా పూసుకుని పడుకోవడం. ఆపితే నెలల తరబడి మంట ఉంటుందని చెప్తే ఏడ్చేస్తారు. ఏడ్చేది మంటకు కాదు, ఆ నెలల్లో నలుగురూ అడిగే మాటలకు. అందుకే క్రీమ్ మాన్పించేటప్పుడు భర్తనో అత్తనో కూడా లోపలికి పిలిచి, "ఇంకో రెండు మూడు నెలలు ముఖం ఇంకా ఖరాబుగ కనిపిస్తది, అదే తగ్గుతున్న గుర్తు, ఇంట్లో ఎవరూ ముఖం గురించి మాట ఎత్తొద్దు" అని చెప్తాను. ఆ చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారో లేదో మీ వీధి చివర షాపులో అడిగి చూడండి.

తయారీదారు పేరు లేని, అర్థం కాని భాషలో రాసి ఉన్న డబ్బా క్రీములు ఇంకో రకం. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో కొందరికి కిడ్నీ జబ్బు వస్తే, కారణం వెతికితే తెల్లబడే క్రీముల్లోని పాదరసం దగ్గర తేలింది. అలాంటి క్రీమ్ వాడుతూ మూత్రంలో నురగ, కాళ్ల వాపు కనిపిస్తే నా దగ్గరికి కాదు, నేరుగా కిడ్నీ డాక్టరు దగ్గరికి పోండి.

అపోహ: మెడ నల్లబడిందంటే సరిగా స్నానం చేయట్లేదు.

పన్నెండేళ్ల పిల్లాడి మెడ మీద గీతలు పడి, చెక్కుకుపోయి ఉంది. వాళ్లమ్మ కొబ్బరి పీచుతో రుద్దింది, నిమ్మచెక్కలో చక్కెర వేసి రుద్దింది. బడిలో "మట్టి మెడ" అని పిలుస్తున్నారట. అది మట్టి కాదు. మెడ వెనక, చంకల్లో వెల్వెట్ గుడ్డలా మందంగా నల్లబడితే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. లావుగా ఉన్న పిల్లల్లో, పీసీఓఎస్ (నెలసరి తప్పించే హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయిల్లో ఎక్కువ. పీచుతో రుద్దేకొద్దీ ఇంకా నల్లబడుతుంది. చేయించాల్సింది షుగర్ పరీక్ష, తగ్గించాల్సింది బరువు. నైలాన్ స్క్రబ్బరుతో వీపూ చేతులూ ఏళ్ల తరబడి తోమితే వచ్చే నల్లటి మచ్చలు కూడా ఇలా చేతులారా తెచ్చుకునేవే.

అపోహ: బొల్లి అంటువ్యాధి. చేపలు తిని పాలు తాగితే వస్తుంది.

అంటదు. అన్నం పంచుకున్నా, ఒకే మంచం మీద పడుకున్నా, సంసారం చేసినా అంటదు. మన రోగనిరోధక శక్తే రంగు కణాలను పొరపాటున చంపేయడం వల్ల వస్తుంది. చేపలకూ పాలకూ సంబంధం లేదు, పులుపు మానేయాల్సిన పనీ లేదు. కుష్టు అసలే కాదు. కుష్టు మచ్చకు స్పర్శ తెలియదు, బొల్లి మచ్చను దూదితో తాకినా తెలుస్తుంది. (కుష్టు కూడా 6 నుంచి 12 నెలల మందులతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.)

ఇవన్నీ తెలిసినా ఊళ్లో వ్యవహారం మారదు. బొల్లి ఉన్నావిడను పెళ్లికి పిలుస్తారు, వడ్డించే గంటె మాత్రం చేతికివ్వరు. "నేనే పక్కకు కూర్చుంటున్న మేడం, వాళ్లు అనకముందే" అంది ఒకామె. ఆమె మచ్చలు రెండు చేతుల వేళ్ల మీదే, అంతకుమించి లేవు. అల్ట్రావయొలెట్ లైట్ చికిత్స, టాక్రోలిమస్ లాంటి పూతలు, కుదిరిన మచ్చలకు రంగు కణాల మార్పిడి ఉన్నాయి. ముఖం మీద మచ్చలు బాగా స్పందిస్తాయి, వేళ్ల కొసలు, పెదాలు మొండివి. ఆ సంగతి ముందే చెప్తాను.

నుదుట సరిగ్గా బొట్టు ఉన్నచోటే తెల్లబడితే స్టిక్కర్ మానేయండి. ఆ జిగురులోని రసాయనం కొందరిలో రంగు కణాలను చంపుతుంది. రబ్బరు చెప్పుల పట్టీల కింద వచ్చే తెల్లమచ్చలకూ చాలాసార్లు కారణం ఇలాంటిదే. కుంకుమ పెట్టుకోవచ్చా అంటే, దానిలోనూ రంగులు కలుపుతారు, దురద పెడితే అదీ మానండి.

అపోహ: పేనుకొరుకుడు పురుగు కొరికితే వస్తుంది.

పురుగూ లేదు, పేనూ లేదు. ఇదీ రోగనిరోధక శక్తి చేసే పొరపాటే. చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. గురివింద గింజ నూరి పెట్టడం, నల్లజీడి రాయడం చేయకండి. జీడి రసంతో చర్మం కాలి నెత్తి మీద పుండు పడితే, ఆ మచ్చలో జుట్టు ఎప్పటికీ రాకపోవచ్చు. గడ్డంలో పేనుకొరుకుడు వచ్చిన కుర్రాళ్లు మాస్కు తీయకుండా తిరుగుతున్నారు. "మగపిల్లగానికి అందమేంది" అని ఇంట్లో నవ్వుతారు కాబట్టి చెప్పుకోరు.

అపోహ: హాస్టల్ నీళ్లు పడక జుట్టు ఊడుతోంది.

బోరు నీళ్లతో జుట్టు గరుకవుతుంది, చిట్లుతుంది. కుదుళ్లతో ఊడిపోవడానికి వేరే కారణాలుంటాయి. టైఫాయిడ్, డెంగీ, కాన్పు, తిండి మానేయడం, పెద్ద టెన్షన్ తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా రాలుతుంది. ఇంటర్‌లో హాస్టల్లో వేసిన పిల్లకు దసరా సెలవుల్లో జుట్టు రాలుతుంటే నీళ్లను అనేముందు, ఆమె నిద్రపోతోందా, తింటోందా అని అడగండి.

మెదడూ చర్మం పైపొరా గర్భంలో ఒకే పొర నుంచి తయారవుతాయి. నరాలు చర్మంలోకి నేరుగా వస్తాయి. టెన్షన్ పడితే సోరియాసిస్, తామరలా కనిపించే ఎగ్జిమా, దురద ఎక్కువవుతాయి. రాత్రి గోకితే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు ఇంకా గోకుతారు. "అంతా నీ మనసులోనే ఉంది" అని కొట్టిపారేయడానికి ఇది సాకు కాదు. దురద నిజం, మచ్చ నిజం.

అపోహ: మొటిమలు ఒంట్లో వేడి. పెళ్లయితే అవే పోతాయి.

పోవు. హార్మోన్లు, నూనె గ్రంథులు, బ్యాక్టీరియా కలిసి చేసే పని అది. తీపి, మైదా బాగా తినేవాళ్లలో కొంత పెరుగుతాయి. పెళ్లి కోసం ఆగితే మిగిలేది గుంటలు. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్ర వేసుకుంటే డిప్రెషన్ వస్తుందని భయపడతారు. పెద్ద ఎత్తున చూసిన అధ్యయనాల్లో అలా తేలలేదు, మొటిమలే దిగులు తెస్తాయని మాత్రం తెలుసు. అయినా ఇంతకుముందు దిగులు జబ్బు ఉంటే చెప్పండి, గమనిస్తూ వాడతాం. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఈ మాత్ర వద్దే వద్దు, బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి.

అపోహ: పళ్ల గార బాగా తోమితే పోతుంది.

ఇది నా సబ్జెక్టు కాదు, కానీ నల్లగొండలో రాస్తూ దీన్ని వదిలేయలేను. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు నవ్వేటప్పుడు చేయి నోటికి అడ్డం పెట్టుకోవడం చూస్తాను. ఆ గోధుమ రంగు గార కాదు. చిన్నప్పుడు, దవడలో పళ్లు తయారవుతున్న వయసులో తాగిన ఫ్లోరైడ్ నీళ్ల గుర్తు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. బొగ్గుతో, ఇటుక పొడితో తోమితే ఎనామిల్ అరిగిపోతుందే గానీ రంగు పోదు. డెంటిస్టు దగ్గర మైక్రో అబ్రేజన్ (పంటి పైపొరను సన్నగా అరగదీయడం), పంటి రంగులో ఉండే కాంపోజిట్ పూతలు ఉన్నాయి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు బోరు నీళ్లు కాకుండా మంచినీళ్లు తాగించడం వీటన్నిటికంటే ముఖ్యం.

అపోహ: ఇంత చిన్న మచ్చకు అంత బాధేంది?

మచ్చ సైజుకీ బాధ సైజుకీ లెక్క కుదరదు. 1994 నుంచి చర్మవైద్యంలో వాడుతున్న ఒక 10 ప్రశ్నల పట్టిక ఉంది, దాన్ని డీఎల్‌క్యూఐ అంటారు. గడిచిన వారంలో చర్మం వల్ల సిగ్గుపడ్డారా, బట్టలు మార్చుకున్నారా, పని మానుకున్నారా, ఇలాంటి ప్రశ్నలు. మొత్తం 30కి 10 దాటితే జీవితం మీద దెబ్బ గట్టిదని అర్థం. ఒళ్లంతా సోరియాసిస్ ఉన్న లారీ డ్రైవరుకు తక్కువ రావచ్చు, గదవ మీద రెండు మచ్చలున్న డిగ్రీ అమ్మాయికి ఎక్కువ రావచ్చు. మొదట నేను అడిగేది "ఎన్నాళ్ల నుంచి" అని కాదు, "దీనివల్ల ఏమేం మానేశావు" అని.

ముఖంలో నాకు ఏమీ కనిపించకపోయినా, రోజులో గంటలకొద్దీ అద్దం చూసుకుంటూ, ఫిల్టర్ పెట్టిన ఫోటో చూపించి "ఇట్లా చేయండి" అని, ఒకచోట చేయించాక ఇంకోచోటికి పోయేవాళ్లుంటారు. నూటికి ఇద్దరి దాకా ఉండే మానసిక సమస్య ఇది. దీనికి లేజర్ పనిచేయదు, కౌన్సెలింగ్, మందులు పనిచేస్తాయి.

అపోహ: సైకియాట్రీ అంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రే.

ఆ పేరెత్తగానే కుర్చీలోంచి లేచిపోతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం ఓపీ లాగే సైకియాట్రీ ఓపీ కూడా ఉంటుంది. వెళ్లలేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ అది, ఉచితం, రాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని పిల్ల ఒక్కసారి అన్నా, "ముఖం కోసం ఎవరన్న చస్తరా" అనకుండా ఆ రోజే తీసుకెళ్లండి.

ఏ స్కిన్ డాక్టరు దగ్గరికి పోయినా ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి. ఖాళీవైనా సరే, నలిగిపోయినవైనా సరే, వెనక మందు పేరు చదవగలిగితే చాలు. పోయే రోజు మేకప్, పౌడర్ వద్దు.