ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మందు

చిట్టీ, బుజ్జీ,

మోకాలి ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లే ముందు మీతో నవ్వుతూ మాట్లాడిన మావయ్యకు, సాయంత్రానికి ఆ మాటలు ఒక్కటీ ఎందుకు గుర్తులేవని అడిగారుగా, తీరిగ్గా రాస్తున్నాను.

అది మిడజోలం అనే మందు ప్రభావం. 1970లలో రోష్ కంపెనీ దీన్ని కనిపెట్టింది. మన మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాల జోరును అదుపులో ఉంచుతుంది. మిడజోలం ఆ గాబాకు బలమిస్తుంది. నరంలోకి ఎక్కించిన కొద్ది నిమిషాల్లోనే టెన్షన్ తగ్గి కళ్లు మూతలు పడతాయి. అది పనిచేస్తున్నంతసేపూ మెదడు కొత్త సంగతులను దాచుకోలేదు. పాతవి మాత్రం ఎక్కడికీ పోవు. అందుకే మావయ్య మీ పేర్లు మర్చిపోలేదు, మీ కబుర్లే మర్చిపోయాడు.

అయితే ఈ మందు భయాన్నే తగ్గిస్తుంది, నొప్పిని కాదు. నొప్పికి పారాసిటమాల్, సెలికాక్సిబ్ లాంటి మాత్రలు ముందే వేస్తారు. మోకాలికి చిన్న గాట్లు పెట్టి, సన్నని కెమెరా గొట్టం పంపి చేసే ఆపరేషనే అయినా, కోసిన చోట ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు పుట్టి నరాలను రెచ్చగొడతాయి. సెలికాక్సిబ్ వాటిని పుట్టనివ్వదు. మత్తు దిగాక నొప్పి అంతగా బాధించదు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లకు మాత్రం ఆలోచించి ఇస్తారు.

మావయ్య అదే రోజు ఇంటికి రావాలి కాబట్టి మిడజోలం కొంచెమే ఇచ్చారు. ఎక్కువైతే మత్తు త్వరగా వదలదు, ఊపిరి కూడా మందగిస్తుంది. వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ చూడటానికే. అవసరమైతే ఫ్లూమజెనిల్ అనే విరుగుడు కూడా ఉంది. 24 గంటలు బండి నడపొద్దన్నదీ ఈ మత్తు వల్లే.

ఈ మందు అందరికీ అక్కర్లేదు. డాక్టరు పక్కన కూర్చుని జరగబోయేది వివరిస్తే చాలామంది కుదుటపడతారు. కానీ "మగాడివి, భయమేంట్రా" అని చుట్టాలు అనేస్తే మనిషి నోరు మూసుకుంటాడు. నర్సుగా ఉన్నన్నాళ్లూ నాకు కోపం తెప్పించిన మాట అదే. భయముందని చెప్తేనే కదా, మత్తు డాక్టరు దానికి తగ్గట్టు మందు ఇవ్వగలిగేది!

బుజ్జీ, సూది గుచ్చుతారా అని అడిగావు. పిల్లలకు చాలాసార్లు ఇదే మందును సిరప్‌గా తాగిస్తారు. బాగా చేదు కాబట్టి తీపి కలుపుతారు. అరగంటలోపే పనిచేస్తుంది. ఆ సమయంలో అమ్మ పక్కనే ఉండొచ్చు.

మీ అమ్మమ్మ