‘ఒరిజినల్ చూశావా?’ అనే పేచీ వెనక కథ

కుండపోత వాన. కింద నది ఎగిరెగిరి పడుతోంది. పైన తాళ్లతో, పుచ్చిన చెక్కలతో అల్లిన వంతెన. దాని మీదికి ఒక డొక్కు లారీ ఎక్కుతుంది. వెనక పెట్టెల్లో ఉన్నది డైనమైట్. అదీ చాలాకాలం మూలన పడి నైట్రోగ్లిజరిన్ కారుతున్న సరుకు. గట్టిగా కుదిపితే లారీ ఉండదు, మనిషీ ఉండడు. ఒకడు స్టీరింగ్ పట్టుకుంటే ఇంకొకడు కాలినడకన ముందుండి దారి చూపిస్తుంటాడు. చక్రం కింద చెక్క విరుగుతుంది, వంతెన ఒక పక్కకి ఒరుగుతుంది, లారీ నీళ్లలోకి జారీజారనట్టు వేలాడుతుంది. మాటలు దాదాపు లేవు.

విలియం ఫ్రీడ్కిన్ 1977లో తీసిన ‘సార్సరర్’లోది ఈ సీన్. రీమేక్ మాట ఎత్తగానే ఎవరో ఒకరు ‘ఒరిజినల్ చూశావా?’ అంటారే, ఆ పేచీ ఈ సినిమాకీ తప్పలేదు. దీనికోసం డొమినికన్ రిపబ్లిక్‌లో హైడ్రాలిక్స్‌తో ఊగే వంతెన కట్టించాడు. కట్టడం పూర్తయ్యేసరికి వానలు మొహం చాటేసి నది ఎండిపోయింది. అదంతా విప్పి మెక్సికో తీసుకెళ్లి ఇంకో నది మీద మళ్లీ కట్టారు. ఈ ఒక్క సీన్‌కే 30 లక్షల డాలర్ల దాకా అయిందంటారు. ఇంత చేస్తే సినిమా ఫ్లాపయింది. ‘స్టార్ వార్స్’ వచ్చిన నెల రోజులకి విడుదల కావడంతో జనం అటే ఉండిపోయారు. పైగా ‘ఎక్సార్సిస్ట్’ లాంటి దెయ్యం సినిమా తీసిన దర్శకుడు ‘మంత్రగాడు’ అనే అర్థం వచ్చే పేరు పెడితే ఎవరైనా ఏమనుకుంటారు? తెర మీద చూస్తే లారీలు. ఆ పేరు ఒక లారీది.

వీటన్నిటికీ తోడు ఇంకో దెబ్బ. ఇదే కథని అన్రీ-జార్జ్ క్లూజో 1953లోనే ‘వేజెస్ ఆఫ్ ఫియర్’గా తీసేశాడు. ఆ సినిమాకి కాన్, బెర్లిన్ చిత్రోత్సవాలు రెండింట్లోనూ అత్యున్నత బహుమతులు వచ్చాయి. అలాంటిదాన్ని మళ్లీ ముట్టుకోవడమేంటని విమర్శకులు ఫ్రీడ్కిన్ మీద పడ్డారు. తనది రీమేక్ కాదని, ఆ కథకి మూలమైన జార్జ్ ఆర్నో నవలని మరోసారి తీశానని ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. నిజానికి సినిమాని క్లూజోకే అంకితం ఇచ్చాడు కూడా.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపించేది ఒకటి. యాక్షన్ థ్రిల్లర్‌కి ఎక్కడో ఒక కొక్కెం ఉంటుంది. టెన్షనంతా దానికే వేలాడుతుంది. క్లూజో సినిమాలో చాలాసేపటి వరకు లారీ కదలదు. ఎండ, ఈగలు, పని లేని మనుషులు, అక్కడినుంచి బయటపడటానికి డబ్బుల్లేని బతుకులు, అంతే. లారీలు కదిలేసరికి ఎవడి ధైర్యం ఎంతో మనకో అంచనా ఉంటుంది. ఊళ్లో రౌడీలా తిరిగిన జో అనే పెద్దమనిషి స్టీరింగ్ పక్కన కూర్చోగానే పిరికివాడైపోతుంటే, భయం నైట్రోగ్లిజరిన్‌లో లేదని, మనిషిలోనే ఉందని తెలిసిపోతుంది. ఫ్రీడ్కిన్ ఆ కొక్కెం జోలికి పోలేదు. నాలుగు చోట్ల నలుగురు చేసిన పనులు ముందే చూపించి, విధి వాళ్లని అడవిలో ఎలా వెంటాడిందో తీశాడు. అక్కడ శత్రువు వాన, బురద, ఆ వంతెన. అందుకే రెండు సినిమాలూ వేటికవే నిలబడతాయి.

రీమేక్ అంటే చిన్నచూపు మొదటినుంచీ ఉందని చాలామంది అనుకుంటారు. కానీ పాతరోజుల్లో స్టూడియోలకి కథ అనేది గోడౌన్‌లో సరుకు లాంటిది, ఎన్నిసార్లయినా తీసి వాడుకునేవాళ్లు. ‘మాల్టీస్ ఫాల్కన్’ నవలని వార్నర్ బ్రదర్స్ 1931లో ఒకసారి, 1936లో పేరు మార్చి ఇంకోసారి తీసింది. ఇప్పుడు అందరూ ఒరిజినల్ అనుకునేది 1941లో జాన్ హ్యూస్టన్ తీసినది. లెక్క ప్రకారం అది మూడోది, ఆయనకి మొదటి సినిమా.

హిచ్‌కాక్ అయితే తన సినిమానే తను రీమేక్ చేసుకున్నాడు. ‘ద మ్యాన్ హూ న్యూ టూ మచ్’ 1934లో బ్రిటన్‌లో తీశాడు, 1956లో హాలీవుడ్‌లో మళ్లీ తీశాడు. మొదటిది ప్రతిభ ఉన్న ఔత్సాహికుడి పని, రెండోది వృత్తి తెలిసినవాడి పని అని ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో ఆయనే అన్నాడు. నాకు మొదటి సినిమా వేగమే ఇష్టం, గంటంబావులో ముగుస్తుంది. కానీ ఆల్బర్ట్ హాల్ సీన్ దగ్గర మాత్రం ఆయన మాటే ఒప్పుకోవాలి. కచేరీలో తాళాలు ఒక్కసారి మోగుతాయి, ఆ చప్పుడులో తుపాకీ పేలాలి. హంతకుడికి ముందే రికార్డు వేసి ఆ క్షణం ఎక్కడొస్తుందో వినిపిస్తారు. అంటే మనకీ వినిపిస్తారు. ఆ తర్వాత పన్నెండు నిమిషాలు ఒక్క డైలాగు లేకుండా పాట సాగుతుంటే, తాళాలు పట్టుకున్న మనిషి ఎప్పుడు లేస్తాడా అని మనం ఊపిరి బిగబట్టి చూస్తుంటాం. 1934 సినిమాలోనూ హాలు అదే, కుట్ర అదే. ఇరవై రెండేళ్లలో మారింది, ప్రేక్షకుడికి ఎంత ముందుగా ఎంత చెప్పాలన్న లెక్క.

అడక్కుండా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’ని సెర్జియో లియోనె 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’గా తీశాడు. కత్తి పోయి తుపాకీ వచ్చింది, కథ అలాగే ఉంది. జపాన్ నిర్మాతలు కేసు వేశారు. చివరికి ప్రపంచవ్యాప్త వసూళ్లలో 15 శాతం, కొన్ని ఆసియా దేశాల పంపిణీ హక్కులు ఇచ్చి రాజీ చేసుకున్నారు. దొంగతనమే, అందులో మొహమాటం లేదు. కానీ ఎన్నియో మోరికోనె సంగీతం, మొహాల మీద కదలకుండా నిలిచిపోయే కెమెరా కురొసావా దగ్గర తెచ్చుకున్నవి కావు.

1990ల్లో హాలీవుడ్‌కి సబ్‌టైటిళ్లంటే గిట్టని ప్రేక్షకులు దొరికారు, ఫ్రెంచ్ సినిమాలూ దొరికాయి. లుక్ బెసాన్ ‘నికిటా’ (1990) మూడేళ్లలోనే ‘పాయింట్ ఆఫ్ నో రిటర్న్’ అయింది. మక్కీకి మక్కీ దించారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. అదే కాలంలో జేమ్స్ కామెరాన్ ‘లా తొతాల్!’ అనే చిన్న ఫ్రెంచ్ కామెడీని తీసుకుని ‘ట్రూ లైస్’ చేశాడు. భర్త గూఢచారి అని భార్యకి తెలియకపోవడం అనే ముడిని ఉంచి, మిగతాదంతా తనకి చేతనైన స్థాయికి పెంచాడు. ఇప్పుడు ఆ ఫ్రెంచ్ సినిమా పేరు తలుచుకునేవాళ్లే తక్కువ.

మైకేల్ మాన్‌ది ఇంకో రకం. 1989లో ‘ఎల్.ఎ. టేక్‌డౌన్’ అని టీవీకి ఒక సినిమా హడావిడిగా చుట్టేశాడు. అదే కథని 1995లో అల్ పచీనో, రాబర్ట్ డి నీరోలతో ‘హీట్’గా తీశాడు, దాదాపు మూడు గంటలు. పోలీసు, దొంగ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగే సీన్ రెండింట్లోనూ ఉంది, మాటలు కూడా చాలావరకు అవే. టీవీ సినిమాలో అది మామూలు సంభాషణ. ‘హీట్’లో ఇద్దరూ అలసిపోయి ఉంటారు, ఎదుటివాణ్ని చంపక తప్పదని ఇద్దరికీ తెలుసు, ఆ సంగతి మాటల మధ్య ఖాళీల్లో తెలుస్తుంది. కథ మారకుండా కొక్కెం బలపడిందంటే ఇదీ.

ఇక అందరూ కొట్టుకునే జంటకి వద్దాం. 2002లో హాంకాంగ్‌లో ఆండ్రూ లావ్, అలన్ మాక్ తీసిన ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’, 2006లో స్కోర్సేసీ తీసిన ‘ద డిపార్టెడ్’. పోలీసుల్లో ముఠా మనిషి, ముఠాలో పోలీసు మనిషి, ఒకణ్నొకడు వెతకాలి. హాలీవుడ్ సినిమాకి ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్లు వచ్చాయి. ఆ వేదిక మీదే ప్రకటన చదివినవాళ్లు ఒరిజినల్‌ని జపాన్ సినిమా అనేశారు. హాంకాంగ్ అభిమానులకి ఆ మంట ఇంకా చల్లారలేదు.

అసలు తేడా చివర్లో ఉంది. చైనా భాషలో ఆ సినిమా పేరు బౌద్ధుల అవీచి నరకానికి సంబంధించింది, అంటే విరామం లేని బాధ. అందుకే పోలీసుల్లో దాక్కున్న ముఠా మనిషి చివర్లో చావడు. మంచివాడిగా బతకాలనుకుంటాడు, కానీ ఆ యూనిఫాంలోనే తన పాపంతో బతుకుతూనే ఉండాలి. అదే వాడి నరకం. నేరస్థుడు తప్పించుకోకూడదని చైనా ప్రధాన భూభాగంలో వేసిన ప్రింట్‌లో వాణ్ని అరెస్టు చేయించారు. స్కోర్సేసీ వాణ్ని కాల్చి చంపించి లెక్క తేల్చేశాడు, పైగా చివరి షాట్‌లో ఒక ఎలుకని నడిపించాడు. ఆ ఎలుక అక్కర్లేదని నా అభిప్రాయం. అయినా ‘డిపార్టెడ్’ని ఓడిపోయిన రీమేక్ అనలేం. బోస్టన్ ఐరిష్ మనుషుల యాస, కుళ్లు జోకులు, తండ్రి కోసం వెతుక్కునే ఇద్దరు కుర్రాళ్లు, ఇవన్నీ దాని సొంతం. యాభై నిమిషాలు ఎక్కువ నిడివి అక్కడికే ఖర్చయింది.

కొక్కెం పీకేసి కథ మాత్రం ఉంచుకుంటే ఏమవుతుందో ‘పెల్హమ్’ చూస్తే తెలుస్తుంది. 1974 సినిమాలో న్యూయార్క్ సబ్‌వే రైలుని దుండగులు పట్టుకుంటారు. వాల్టర్ మాథౌ రేడియోలో వాళ్లతో మాట్లాడే విసుగు మొహం ఉద్యోగి. ఒక దొంగకి జలుబు, మధ్యమధ్యలో తుమ్ముతుంటాడు. ఆఖర్న అనుమానం మీద ఒకడి ఇంటికెళ్తారు, ఏమీ దొరకదు, బయటికొచ్చి తలుపు వేస్తారు. లోపల తుమ్ము వినిపిస్తుంది. తలుపు మళ్లీ తెరుచుకుంటుంది, మాథౌ మొహం దగ్గర సినిమా ఆగిపోతుంది. 2009లో టోనీ స్కాట్ దాన్ని మళ్లీ తీసినప్పుడు కెమెరా ఒక్కచోట కుదురుగా నిలవదు, చివర్న హీరో, విలన్ వంతెన మీద తుపాకీతో తేల్చుకుంటారు. డబ్బు తెలుస్తుంది, స్టార్లు తెలుస్తారు. తుమ్ము లేదు.

కొరియా ‘ఓల్డ్‌బాయ్’ (2003) నడవా ఫైటూ అంతే. పార్క్ చాన్-వుక్ దాన్ని పక్కనుంచి ఒకే షాట్‌లో తీశాడు, అందుకు మూడు రోజులు, పదిహేడు టేకులు పట్టింది. సుత్తి పట్టుకున్న హీరో కొడతాడు, పడతాడు, రొప్పుతాడు, అవతలివాళ్లూ రొప్పుతారు. ఆ అలుపే ఫైటు. 2013లో హాలీవుడ్‌లో తీసినప్పుడు ఫైటు పెద్దదైంది, అలుపు ఎగిరిపోయింది. ‘రోబోకాప్’, ‘టోటల్ రీకాల్’ రీమేకులకి ఇంకో ఇబ్బంది. పెద్దలకి మాత్రమే అన్న సర్టిఫికెట్‌తో వచ్చిన సినిమాలని టీనేజర్లు కూడా చూసేలా మార్చారు. రక్తం కడిగేస్తే వెర్రి వ్యంగ్యం కూడా కొట్టుకుపోయింది.

మన భాషల్లో రోగం వేరు. హీరో పెరగాలి కాబట్టి కథ తగ్గుతుంది. తెలుగులో చిన్న బడ్జెట్ థ్రిల్లర్ ‘క్షణం’ (2016) హిందీకి వెళ్లి ‘బాఘీ 2’ అయ్యేసరికి కండలు, హెలికాప్టర్లు వచ్చి చేరాయి. వసూళ్లు మాత్రం బ్రహ్మాండం, అది కూడా చెప్పాలి. తమిళ ‘ఖైదీ’ (2019) ఒక్క రాత్రి కథ. పాటల్లేవు, హీరోయిన్ లేదు. స్పృహ లేని పోలీసులని లారీలో వేసుకుని, ఇంతవరకు చూడని కూతురి దగ్గరికి పొద్దున్నకల్లా చేరాలి. భార్య గురించి కార్తీ కూర్చుని నోటితో చెబుతాడు, ఫ్లాష్‌బ్యాక్ వేయరు. ఆమెని మనం చూడకపోవడం వల్లే గొంతులో ముద్ద అడ్డుపడుతుంది. హిందీ ‘భోలా’ (2023) ఆమెని చూపించింది, పాటా పెట్టింది. పైగా ఇప్పుడు డబ్బింగ్‌తో ఒరిజినల్ ఓటీటీలో చేతికందే దూరంలో ఉంది. పోల్చుకోవడానికి ఒకప్పటిలా ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంతకీ ఆ లారీలు. 2013లో ఫ్రీడ్కిన్‌కి వెనిస్‌లో జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చినప్పుడు, కొత్తగా బాగుచేసిన ‘సార్సరర్’ ప్రింట్ అక్కడే వేశారు. ముప్పై ఆరేళ్ల కింద తిప్పికొట్టిన సినిమాకి అప్పటికి అభిమానులు తయారయ్యారు. 2024లో నెట్‌ఫ్లిక్స్ కోసం జూలియెన్ లెక్లెర్క్ ఫ్రెంచ్‌లో ‘వేజెస్ ఆఫ్ ఫియర్’ మళ్లీ తీశాడు. దాన్ని తూచడానికి ఈసారి తక్కెడలో క్లూజో సినిమా ఒక్కటే లేదు, పక్కనే ఫ్రీడ్కిన్‌ది కూడా ఒరిజినల్ హోదాలో కూర్చుంది.