సహిత విద్య: చట్టం వచ్చింది, గురువుకు తోడు రాలేదు

సహిత విద్య అంటే దివ్యాంగులైన పిల్లలను మిగతా పిల్లలతో కలిపి మామూలు బడిలోనే చదివించడం. దీని గురించి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను కదిలిస్తే, దివ్యాంగులైన పిల్లలు బడికి రావద్దనేవారు అరుదు. ‘రానివ్వండి, కానీ రెండు తరగతులు చూసుకుంటూ ఈ బిడ్డకు విడిగా ఎలా చెప్పను?’ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. దీన్ని అయిష్టత కింద జమకట్టడం అన్యాయం. ఈ మాట వెనుక యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

వీలైనంత వరకు ఈ పిల్లలను మామూలు బడుల్లోనే చదివించాలని దేశ విద్యావిధానాన్ని సమీక్షించిన కొఠారి కమిషన్ 1966లోనే సూచించింది. 1974లో కేంద్రం అందుకోసం ఒక పథకం తెచ్చింది. అయితే అప్పటి ఆలోచనలో బడి మారనక్కర్లేదు, పిల్లలే సర్దుకోవాలి. పైగా ఆ పథకాన్ని 1982 దాకా నడిపింది సంక్షేమ శాఖ. అన్నేళ్లు విద్యాశాఖే తన పని అనుకోని చదువును, తరగతి గదిలోని ఉపాధ్యాయుడు తన పనిగా భావించలేదని ఎలా తప్పుపట్టగలం?

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు సమావేశమై, మారాల్సింది బడేనని ప్రకటించారు. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్ ఏ బిడ్డనూ తిప్పి పంపకూడదంది. 2016 చట్టంతో ఆ ఏడు 21 అయ్యాయి. ఆటిజంతో పాటు చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులూ ఆ జాబితాలో చేరాయి. అంటే, ఎన్నో ఏళ్లుగా తరగతిలోనే కూర్చుని ‘మొద్దు’ అనిపించుకున్న పిల్లలకు ఆలస్యంగానైనా హక్కు దక్కింది. వాళ్లను గుర్తించే నేర్పు మాత్రం ఉపాధ్యాయులందరికీ అందలేదు. వారికి తర్ఫీదు ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఆచరణలో అది చాలాచోట్ల కొద్ది రోజుల శిక్షణతో సరి.

కొరవడింది ఎంత చిన్న విషయమో చూడండి. వినికిడి యంత్రం పెట్టుకున్న పాప టీచరు పెదవుల కదలికను చూస్తూ పాఠం పట్టుకుంటుంది. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే ఆ వాక్యాలన్నీ పాపకు పోయినట్టే. రాయడం ముగించి, పిల్లల వైపు తిరిగి చెప్పాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, చెప్పేవారు కావాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఆ చెప్పేవారు మండలాల్లో దివ్యాంగులైన పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల రిసోర్స్ పర్సన్లు. ఒకరిద్దరే, అదీ ఎక్కువగా ఒప్పంద పద్ధతిలో, మండలంలోని బడులన్నీ చూడాలి. నడవలేని పిల్లలుంటే వాళ్ల ఇళ్లకూ వెళ్లాలి. ప్రాథమిక స్థాయిలో దివ్యాంగులైన పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో నిర్దేశించింది. పోస్టులను ప్రకటించి భర్తీ చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ నియామకాలు పూర్తయ్యాక కూడా బిడ్డ రోజులో ఎక్కువసేపు ఉండేది తరగతి ఉపాధ్యాయుడి దగ్గరే. కాబట్టి తర్ఫీదు, నియామకం రెండూ కలిసే జరగాలి.