పునరావాస చికిత్సలో సంగీతం: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాట పాడగలిగితే మాట వచ్చేసినట్టే.

వాస్తవం: పక్షవాతంతో మాట పడిపోయి, మంచినీళ్లు కూడా సైగతోనే అడిగే మనిషి, చిన్ననాడు నేర్చుకున్న కీర్తనను పదాలతో సహా పాడితే ఇంట్లోవాళ్లకు ప్రాణం లేచివస్తుంది. ఇలాంటి రోగి గురించి స్వీడన్‌లో రచయిత ఓలోఫ్ డాలిన్ 1745లోనే రాశారు. అయితే కంఠస్థమైన పాటను పాడటం అంకెలనో వారాల పేర్లనో వరసగా అప్పజెప్పడం వంటిది. తలచుకున్న మాటను తలచుకున్నప్పుడు అనగలగడం వేరే పని. అందుకే 1970ల మొదట్లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే పరిశోధకులు రూపొందించిన మెలొడిక్ ఇంటొనేషన్ థెరపీలో పాటలు ఉండవు, రోజూ అవసరమయ్యే మాటలే ఉంటాయి. ‘నీళ్లు కావాలి’ అన్న మాటను చికిత్సకులమైన మేము తీసుకుని, ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు స్థాయిలో ఉన్న రెండే స్వరాల మీద నిదానంగా పలుకుతూ, రోగి ఎడమ చేతిని పట్టుకుని అక్షరానికొక దెబ్బ చొప్పున బల్ల మీద అయిదుసార్లు తట్టిస్తాం. మొదట మేము, తర్వాత ఇద్దరం కలిసి, ఆపైన సగంలో మా గొంతు ఆపేసి రోగి ఒక్కరే; చివరకు ‘ఏం కావాలి?’ అని అడిగితే రాగం లేకుండా జవాబు చెప్పే దాకా తీసుకువెళ్తాం. ఎదుటివారి మాట బాగా అర్థమవుతూ, తాను మాత్రం పలకలేకపోయేవారికే ఈ పద్ధతి నప్పుతుంది. ఫలితం స్వరానిదా, లయదా అన్న చర్చ ఇంకా తెగలేదు. నా మొగ్గు లయ వైపే.

అపోహ: నడక కోసం ఏ పాట పెట్టినా ఒకటే.

వాస్తవం: వణుకుతో కదలికలు నెమ్మదించే పార్కిన్సన్స్ వ్యాధిలో అడుగుల వేళను లోపలి నుంచి నడిపించే మెదడు భాగాలు బలహీనపడతాయి కనుక, బయటి నుంచి వచ్చే స్థిరమైన తాళపు దెబ్బ ఆ లోటును కొంత పూరిస్తుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ థాట్ బృందం 1990లలో దీన్ని పద్ధతిగా మలిచింది. ముందు రోగి నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెడతాం. 80 అయితే, స్థిరంగా టిక్కుమంటూ తాళం వేసే మెట్రోనోమ్‌ను మొదట 80 మీదే పెట్టి, నడక కుదిరాక 84కు, ఓపికను బట్టి 88కి పెంచుతాం. పాట పెట్టదలచుకుంటే దాని తాళం స్పష్టంగా, ఆ వేగంలోనే ఉండాలి. ఎంత గొప్ప ఆలాపనైనా ఈ పనికి రాదు. పక్కన పట్టుకునే మనిషి తప్పనిసరి.

అపోహ: ప్రతి జబ్బుకూ ఒక రాగం ఉంది.

వాస్తవం: ఆనందభైరవి వింటే రక్తపోటు తగ్గుతుందంటూ తిరిగే జాబితాలను నమ్మి మాత్రలు మానేయవద్దు. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ కృతితో శిష్యుడి కడుపునొప్పి పోయిందన్న కథ పట్ల నాకు గౌరవమే, కానీ అది వైద్య పరీక్ష కాదు. మనసు కుదుటపరచడంలో రాగం పేరు కన్నా పాట వేగమూ, రోగి ఇష్టమూ ముఖ్యం.

అపోహ: మొజార్ట్ వింటే పిల్లలకు తెలివి పెరుగుతుంది.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలమైన 1993 నాటి పరిశోధనలో పాల్గొన్నది కాలేజీ విద్యార్థులు, ఒక రకం పరీక్షలో కనిపించిన మెరుగుదల పావుగంటకు మించి నిలవలేదు.

అపోహ: సంగీతంతో నష్టమేమీ ఉండదు.

వాస్తవం: అరుదుగానైనా, కొందరికి సంగీతం వల్లే మూర్ఛ వస్తుంది. మతిమరుపు వ్యాధి ఉన్నవారికి రోజంతా టీవీ పాటలు మోగుతుంటే చికాకు పెరగవచ్చు. పాట మొదలుకాగానే ముఖం తిప్పుకోవడం, చేయి విదిలించడం కనిపిస్తే వెంటనే ఆపి, ఆ పాట పేరునూ వేళనూ రాసి చికిత్సకుడికి చూపించండి.